కరెంటు పోతే కన్నుమూసే లాప్‌టాప్

భద్రాచలంలో నా కంప్యూటర్ రిపేరు షాపు మూసేసి కొంతకాలమైంది. కారణం కళ్లు. వయసు యాభై దాటిందో లేదో, బోర్డు మీద చీమ తలకాయంత ఉండే ముక్కలు రెండేసిగా కనిపించడం మొదలుపెట్టాయి. ఉన్న ఒక్కదాన్ని ఒక్కటిగా చూడలేనివాడు ఈ పనిలో ఉండకూడదు. లేనిదాన్ని చూసినట్టు చెప్పగలిగినవాడు మాత్రం బాగా రాణిస్తాడు. నేను రాణించింది అందుకే.

నేను చెప్పే కథల్లో సగం అబద్ధమని భద్రాచలం నుంచి సారపాక దాకా అందరికీ తెలుసు. ఏ సగమో మాత్రం ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు, “అన్నా, కథలు చాలు, పని చెప్పు” అంటున్నారు. సరే. ఈ రాతలో మిషన్ల గురించి చెప్పిందంతా నిజం. ఎలుగుబంటి గురించి చెప్పింది మాత్రం మీ ఇష్టం.

ఫార్మాట్ ఓనరు

నేను పని నేర్చుకున్నది ఖమ్మంలో, శంకరయ్య అనే ఓనరు దగ్గర. మంచి మనిషి. పెద్ద గొంతు. చేతికి ఏ కంప్యూటర్ వచ్చినా ఒకటే మందు: ఫార్మాట్. స్లోగా ఉందా, ఫార్మాట్. శబ్దం వస్తోందా, ఫార్మాట్. ఒకసారి ఎవరో మౌస్ వైరును ఎలుక కొరికిందని తెస్తే, దానికీ కంప్యూటర్ ఫార్మాట్ చేసి పంపాడు.

వేంసూరు నుంచి ఒక ఫోటోగ్రాఫర్ వచ్చి, కంప్యూటర్ ఇచ్చి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేసరికి ఓనరు పని పూర్తిచేసి మిషన్ తుడిచి పెట్టాడు.

“అన్నా, దాంట్ల పెండ్లి ఫోటోలు ఉండె గదనే!”

“ఎవరి పెండ్లి?”

“మా మేనమామ బిడ్డది.”

“ఇంటోల్లే గదా. ఇంకోపారి తియ్.”

నమ్ముతారో నమ్మరో, మళ్లీ తీశారు. అప్పటికి పెళ్లికూతురు అలిగి పుట్టింటికి వచ్చేసి ఉంది. ఫోటోల కోసం ఇద్దర్నీ మళ్లీ పట్టుబట్టలు కట్టించి పీటల మీద కూర్చోబెట్టి తలంబ్రాలు పోయించారు. పోసుకునేటప్పుడు ఒకరినొకరు బియ్యంతో కాస్త గట్టిగానే కొట్టుకున్నారట. ఆ తర్వాత నవ్వుకున్నారట. ఆ సాయంత్రమే ఆ అమ్మాయి అత్తగారింటికి వెళ్లిపోయింది. అప్పటినుంచి మా ఓనరు, “నేను ఫార్మాట్ చేసినంటే కాపురాలు గూడ నిలబడ్తయ్” అని చెప్పుకునేవాడు.

నవ్వుకోండి, తప్పులేదు. కానీ ఒక మాట రాసిపెట్టుకోండి. జబ్బేమిటో తెలుసుకునే ఓపిక లేదని మెకానిక్ ఒప్పుకోవడమే ఫార్మాట్. అవసరమైన రోజులు ఉంటాయి, కాదనను. కానీ చివర చేయాల్సిన పనిని ముందు చేస్తే, అసలు జబ్బు చిరునామా కూడా చెరిగిపోతుంది. ఆ తర్వాత బాగైతే ఎందుకు బాగైందో తెలియదు, బాగవకపోతే ఎందుకు కాలేదో తెలియదు.

ఓనరుకు ఇంకో నియమం ఉండేది. “సామాను మన కాడికి రావాలె. మనం సామాను కాడికి పోవద్దు. పిలిస్తే పోయేటోని మాటకు ఇలువ ఉండదు.” ఈ నియమాన్ని నేను చాలాకాలం నమ్మాను. భద్రాచలం వచ్చి సొంత షాపు పెట్టుకున్నాక కూడా గుమ్మం దాటి పని చేసేవాణ్ణి కాదు. అది ఎంత తప్పో ఎలా తెలిసిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కథ కూడా ఒక పనిముట్టే

విప్పిన లాప్‌టాప్ మీదికి కస్టమర్ తల వంచాడంటే లోపల మూడు పడతాయి: తలనూనె, చెమట, సలహా. మొదటి రెండింటినీ తుడవొచ్చు. అందుకని తల దూరంగా ఉంచడానికి నేను కథ చెప్పేవాణ్ణి. మనిషి కథ వినాలంటే వెనక్కి వాలి కూర్చుంటాడు. అదే నాకు కావాల్సింది.

ఎలుగుబంటి కథ అలా పుట్టింది. అడవిలో ఉద్యోగం చేసే ఒకాయన లాప్‌టాప్‌ను చెట్టుకింద పెట్టి అటు వెళ్లాడు. ఎలుగుబంటి వచ్చింది. లోపల ఫ్యాన్ గుయ్యిమంటుంటే తేనెపట్టు అనుకుంది. గోళ్లతో వెనక మూత ఊడదీసి, నాలుక పెట్టి లోపల ఉన్న దుమ్మంతా నాకేసింది. తేనె లేదని తెలుసుకొని, మర్యాదగా మూత అక్కడే పెట్టి పోయింది. ఆయన మూత బిగించుకొని ఆన్ చేస్తే, ఆ రోజునుంచి ఆ లాప్‌టాప్ వేడెక్కిందే లేదు. ఈ కథ విన్న ప్రతివాడూ, “అంటే లోపల దుమ్ము తీయాలన్నమాట” అని తనంతట తానే అనేవాడు. సర్వీసింగ్ ఎందుకో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి దారి దొరకలేదు.

అయితే కథ కస్టమర్‌కు చెప్పాలి. మెకానిక్ తనకు తాను చెప్పుకోకూడదు. “ఇది కచ్చితంగా బ్యాటరీయే” అని చూడకముందే అనుకోవడం కూడా కథే. ఎలుగుబంటి కథకన్నా పెద్ద అబద్ధం అది.

హ్యాంగ్ అంటే ఏది?

వచ్చేవాళ్లంతా ఒకటే మాట అంటారు: “హ్యాంగ్ అయితంది.” ఆ ఒక్క మాటలో చాలా జబ్బులుంటాయి. మిషన్ నిజంగా బిగుసుకుపోయి ఉండొచ్చు. లోపల పని నడుస్తూనే తెర మాత్రం ఆరిపోయి ఉండొచ్చు. లేదా నిద్రలోకి వెళ్లి లేవకపోతూ ఉండొచ్చు.

తేడా కనుక్కోవడానికి ఏమీ విప్పనక్కర్లేదు. క్యాప్స్ లాక్ మీట నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల ప్రాణం ఉంది, తెర సంగతి చూడాలి. లైటు కదలకపోతే పవర్ లైటు వైపు చూడండి. అది నిలకడగా వెలుగుతుంటే బిగుసుకుపోయింది. నెమ్మదిగా, ఊపిరి తీసుకుంటున్నట్టు వెలిగి ఆరుతుంటే చాలా మిషన్లలో దానర్థం నిద్ర. నిద్రపోయేవాణ్ణి చచ్చాడనుకొని గుండెలు బాదుకోకూడదు. అలాగని అందరూ నిద్రపోతున్నారని వదిలేయకూడదు. ముందు ఏదో తేల్చుకోండి.

సలోమి

ఇప్పుడు అసలు కేసు. పర్ణశాల దాటి, రోడ్డు వదిలి అడవి అంచుకు వెళితే ఒక చిన్న పల్లె. అక్కడ కోడలు సలోమి. లెక్కల్లో డిగ్రీ చదివింది. భర్త సారపాక మిల్లులో కాంట్రాక్టు కార్మికుడు. మామగారు యోహాను, ఆ పల్లె క్రైస్తవ సంఘానికి పెద్ద.

సలోమికి ఇంట్లోనే కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది. ఒక కంపెనీ తరఫున ఎక్కడెక్కడో ఉన్న పిల్లలకు సాయంత్రాలు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పడం. ఆ పల్లెలో చదువుకున్న ఆడపిల్ల పల్లెలోనే ఉండి జీతం తెచ్చుకోవడం అదే మొదలు. అంతకుముందు ఆమె కూడా అత్తతోపాటు మిర్చి ఏరడానికి పోయేది.

లాప్‌టాప్ నా టేబుల్ మీద పెట్టి ఆమె చెప్పింది ఇదీ.

“సార్, కరెంటున్నంత సేపు బాగనే ఉంటది. కరెంటు పోయి, బ్యాటరీ మీదికొచ్చి, పవర్ సేవింగ్ల పడుతదా, జరసేపట్ల తెర నల్లగైతది. ఏది నొక్కినా లేవది. క్లాసు నడుమల పిల్లలు ‘మేడమ్ మేడమ్’ అంటనే ఉంటరు, నేను ఉండ.”

“పవర్ లైటు?”

“మెల్లగ మినుక్కుమంటది.”

ఆ మాట ఆమె చెప్పగానే నాకు ఆమె మీద గౌరవం కలిగింది. వందమందిలో ఒకరు కూడా ఆ లైటు చూడరు. అంటే నిద్ర. పవర్ సేవింగ్‌లోకి వెళ్లి నిద్రపోతోంది, లేవడం లేదు. అప్పటికే వేరే షాపులో బ్యాటరీ మార్చారు. ఇంకోచోట ఫార్మాట్ కూడా చేశారు. మా ఓనరుకు శిష్యులు చాలామందే ఉన్నారు.

నేను చేయాల్సినవన్నీ చేశాను. ఈ జబ్బుకు మీరూ ఇదే వరసలో చేయండి. పవర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఎంతసేపటికి నిద్రపోవాలని ఉందో చూశాను. బ్యాటరీ సేవర్ ఎప్పుడు మొదలవ్వాలో మార్చాను. తయారీ కంపెనీ సైటు నుంచి డిస్‌ప్లే డ్రైవర్లు, చిప్‌సెట్ డ్రైవర్లు, బయోస్ కొత్తవి ఎక్కించాను. నిద్రపోయి లేవలేకపోయే మిషన్లలో సగం అక్కడే బాగవుతాయి. ఛార్జర్ పీకి, బ్యాటరీ సేవర్ పెట్టి, బ్యాటరీ అయిపోవచ్చేదాకా షాపులో వదిలేశాను. ఒక్కసారీ కన్నుమూయలేదు. నేను నిద్రపుచ్చితే పడుకుంది, లేపితే లేచింది. తీసుకెళ్లమన్నాను.

వారం తిరగకముందే మళ్లీ వచ్చింది. ఈసారి బ్యాగు టేబుల్ మీద పెట్టలేదు, పడేసింది.

“మీ షాపు కాడ మంచి బుద్ధిమంతురాలు. మా ఇంట్ల దయ్యం.”

“దయ్యం పట్టిన లాప్‌టాప్ ఒకటి నా దగ్గరికి వచ్చిందమ్మా. అమావాస్య రోజు తనే టైపు చేసుకునేది, పైగా ఒక్క తప్పు లేకుండా...”

“అన్నా.” మొదటిసారి సార్ అనడం మానేసింది. “కతలు ఎవరికన్న చెప్పు. కంపెనీ ఆఖరి మాట చెప్పింది. వచ్చే శుక్రవారం క్లాసు పెద్ద మేడమ్ కూసోని చూస్తదట. ఆ క్లాసుల నేను గిట్లనే మాయమైతే ఇంక రావద్దన్నది. వేరే లాప్‌టాప్ కొనే తాకత్ లేదు. చేస్తవా, చెయ్యవా?”

చేస్తానన్నాను. మళ్లీ అన్నీ చేశాను. ఈసారి మిషన్ విప్పి లోపలంతా చూశాను. బ్యాటరీ తీగలు కదిపాను. మెమరీ తీసి పెట్టాను. వేడిచేశాను, చల్లబరిచాను. నా షాపులో అది పాలు తాగిన పిల్లలా హాయిగా పనిచేసింది.

అప్పుడు చేతకానివాళ్లు అనే మాట ఒకటి నా నోటిదాకా వచ్చింది: “మిషన్ బాగనే ఉన్నది, మీరు వాడుడే తప్పు.” మింగేశాను. పిల్లలూ, ఆ మాట ఎప్పుడూ అనకండి. లైటు మినుక్కుమనడం చూసిన మనిషి అబద్ధం చెప్పదు. ఆమె ఇంట్లో జరిగేది నా షాపులో జరగడం లేదంటే, తేడా లాప్‌టాప్‌లో లేదు, చోటులో ఉంది. మరి చోటును టేబుల్ మీదికి తేలేము కదా. మనమే పోవాలి.

ఆ శుక్రవారం పొద్దున షాపుకు తాళం వేశాను. దీని సంగతి తేలేదాకా తెరవకూడదనుకున్నాను. శంకరయ్యను మనసులోనే క్షమించమని అడిగి, పనిముట్ల సంచి భుజాన వేసుకొని, బండెక్కాను.

పల్లెలో

యోహాను గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, భుజం మీద తువ్వాలు.

“నువ్వేనా ఎలుగుబంటి కతలు చెప్పేటోనివి?”

“అవ్, పెద్దయ్యా.”

“ఎలుగును ఎన్నడన్న చూసినవా?”

“లేదు.”

“నేను చూసిన. అది మూత మల్ల పెట్టిపోదు.” ఆయన పక్కింటాయనతో కోయ భాషలో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నా గురించేనని తెలిసింది.

ఒకటే పెద్ద గది. తలుపు దగ్గర గోడకు స్విచ్ బోర్డు, దాని కింద మంచం. సలోమి మంచం మీద కూర్చొని ఛార్జర్ పెట్టుకొని పాఠం చెబుతుంది. ఈమధ్యే ఆ పల్లెకు కేబుల్ నెట్ వచ్చింది. అంతా బాగుంది. నేను అక్కడే కూర్చొని కరెంటు పోవడం కోసం ఎదురుచూశాను.

పోలేదు. ఆ పల్లెలో ఎప్పుడూ పోయే కరెంటు నేను కూర్చున్నంత సేపూ నిక్షేపంగా ఉంది.

“రోజు రెండుమూడు పార్లు పోతది,” అంది సలోమి, అవమానం జరిగినట్టు.

“మనిషిని చూస్తే సిగ్గుపడ్తున్నదేమో,” అన్నాడు యోహాను.

“పెద్దయ్యా, మెయిన్ బంద్ చేయి.”

ఆయన బంద్ చేశాడు. ఫ్యాన్ ఆగింది. నెట్ డబ్బా లైట్లు ఆరిపోయాయి. లాప్‌టాప్ బ్యాటరీ మీదికి వచ్చింది, బ్యాటరీ సేవర్ మొదలైంది, తెర కాస్త మసకబారింది. నేను దానివైపే చూస్తూ కూర్చున్నాను. ఆగలేదు. ఎంతసేపు చూసినా ఆగలేదు. పొద్దు గడిచిపోతోంది. సాయంత్రం క్లాసు.

సలోమి ఇంక చూడలేకపోయింది. “అన్నా, లే. జరుగు. నేనెట్ల చేస్తనో చూడు.”

ఈ కేసులో నన్ను గట్టెక్కించిన మాట అదే. నేను మిషన్‌ను పరీక్షిస్తున్నాను, ఆమె చేసే పనిని కాదు.

ఆమె లాప్‌టాప్ రెండు చేతుల్తో ఎత్తుకుంది. గదికి అవతలి చివర ఉన్న కిటికీ దగ్గరికి నడిచింది.

“అక్కడికెందుకమ్మా?”

“కరెంటు పోతే ఇల్లంత చీకటి గాదా? మొఖం కనపడకపోతే కంపెనీ ఒప్పుకోదు. ఫోన్ల సిగ్నల్ గూడ ఈడనే వస్తది. పిల్లలకు నేను కనపడాల్నంటే ఈడికే రావాలె.”

కిటికీ కింద ఎత్తుగా ఒక బల్లలాంటిది, దాని మీద పూలు కుట్టిన తెల్లగుడ్డ. ఆమె లాప్‌టాప్ దాని మీద పెట్టి, కుర్చీ లాక్కొని కూర్చొని, మీట నొక్కబోయింది.

తెర నల్లబడింది. పవర్ లైటు మెల్లగా మినుక్కుమంది.

“చూసినవా!” అని అరిచింది. దెయ్యాన్ని పట్టించినంత సంతోషంగా.

నేను లాప్‌టాప్‌ను అలాగే పైకెత్తి బటన్ నొక్కాను. లేచింది. కిందపెట్టాను. పడుకుంది. ఎత్తాను, లేచింది. పెట్టాను, పడుకుంది. యోహాను దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“ఇది ఏం బల్ల, పెద్దయ్యా?”

“బల్ల గాదు. సంఘం సౌండు బాక్సు. ప్రార్థనమందిరం పైకప్పు దింపి కొత్తది ఏస్తున్నరు. వానకు తడవద్దని నా ఇంట్ల పెట్టిండ్రు. నా పూచీ.”

గుడ్డ ఎత్తాను. పెద్ద స్పీకర్ పెట్టె, ముందుండే జాలీ పైకి వచ్చేలా వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

అయస్కాంతం

కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ల కోసం ఇక్కడ ఆగి చెబుతాను. లాప్‌టాప్ మూత మూస్తే అది నిద్రపోతుంది కదా, మూత మూశారని దానికి ఎలా తెలుస్తుంది? చాలావాటిలో తెర అంచులో చిన్న అయస్కాంతం ఉంటుంది. కీబోర్డు ఉన్న భాగంలో, అంచు దగ్గర, ఆ అయస్కాంతాన్ని పసిగట్టే చిన్న చిప్ ఉంటుంది. అయస్కాంతం దగ్గరికొస్తే చిప్ “మూత మూశారు” అంటుంది, మిషన్ పడుకుంటుంది. పైనుంచి వచ్చిందా, కిందనుంచి వచ్చిందా అని అది అడగదు.

సౌండు బాక్సులో ఉండేది చిన్న అయస్కాంతం కాదు, అరచేయంత బండ. దాని మీద లాప్‌టాప్ పెట్టడమంటే, కళ్లెదుట మూత తెరిచే ఉన్నా, లోపల మూత మూసినట్టే. బటన్ నొక్కితే లేస్తుంది, “అయ్యో, మూత మూసే ఉంది” అనుకొని మళ్లీ పడుకుంటుంది.

కరెంటు ఉంటే మంచం మీద, పోతే పెట్టె మీద. అందుకే కరెంటు పోవడం, బ్యాటరీ సేవర్ రావడం, తెర నల్లబడడం మూడూ ఎప్పుడూ కలిసే జరిగాయి. పవర్ సేవింగ్ మోడ్ పాపం ఏమీ చేయలేదు. జబ్బు జరిగినప్పుడల్లా అది పక్కన ఉంది, అంతే. మన పనిలో ఎక్కువ తప్పులు ఇలాగే వస్తాయి. రెండు పనులు జోడీగా జరుగుతుంటే, ఒకదానివల్ల రెండోది జరుగుతోందని రాసేసుకుంటాం. ముందు వాటిని విడదీసి చూడండి.

యోహానుకు చెబితే ఒప్పుకోలేదు.

“దేవుని పాటలు పాడే పెట్టె నా కోడలి నౌకరి చెడగొడ్తదా? ఏం మాట, మెకానిక్?”

“నీ కొంగుకు పిన్నీసు ఉందా?” అని సలోమిని అడిగాను. తీసి ఇచ్చింది. పెట్టె మీద మళ్లీ గుడ్డ కప్పి, పిన్నీసు దాని మధ్యలో వేశాను. పిన్నీసు గుడ్డ మీద లేచి నిలబడింది. వేలితో పడుకోబెట్టాను. మళ్లీ లేచి నిలబడింది.

యోహాను వంగి చూశాడు. తనే ఒకసారి పడుకోబెట్టాడు. అది నిలబడింది.

“నిజమే,” అన్నాడు చిన్నగా. “ఇన్నొద్దులు దీని మీద పెట్టి ప్రార్థన గూడ చేసినం, లాప్‌టాప్ బాగుండాల్నని.”

సలోమి పకపకా నవ్వింది. కాసేపటికి ఆయనా నవ్వాడు.

విప్పకుండా వదిలేయడం

మూడు దారులున్నాయి. ఒకటి, మిషన్ విప్పి ఆ చిప్‌ను పనిచేయకుండా చేయడం. చేతులు దురదపెట్టాయి, అది నాకు పది నిమిషాల పని. కానీ సాయంత్రం క్లాసు ఉండగా, బాగా నడుస్తున్న మిషన్‌ను విప్పేవాడు మెకానిక్ కాదు, జూదగాడు. విప్పినది మళ్లీ బిగించేటప్పుడు ఏ తీగ తెగుతుందో చెప్పలేం. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

రెండు, పెట్టెను జరపడం.

“జరిపేది లేదు,” అన్నాడు యోహాను. “పోయిన పారి జరిపినప్పుడు స్పీకర్ లోపలి కాగితం చినిగింది. కప్పు ఏసేదాక ముట్టనని సంఘంల మాటిచ్చిన.”

“మామా, నా నౌకరి పోతది.”

“పోదు బిడ్డా. పెట్టె ముట్టద్దన్న గని, పెట్టె మీద ఏం పెట్టద్దని అనలే.”

ఆయన లోపలికి వెళ్లి, తాను కూర్చొని అన్నం తినే పొట్టి చెక్కపీట తెచ్చాడు. పెద్దది, వెడల్పుది, జానెడు ఎత్తు కాళ్లు. అదే మూడో దారి. పీటను పెట్టె మీద పెట్టి, దాని మీద పిన్నీసు వేశాను. పిన్నీసు కదలకుండా పడుకుంది. అటు జరిపాను, ఇటు జరిపాను, నాలుగు మూలలా వేసి చూశాను. లేవలేదు. అయస్కాంతం బలం దూరానికి చాలా తొందరగా తగ్గిపోతుంది, జానెడు చాలు. లాప్‌టాప్ పెట్టాం. మెలకువగానే ఉంది. కానీ నాకు నమ్మకం కుదరలేదు. బాగైందని మెకానిక్ చెబితే బాగైనట్టు కాదు. పని జరిగితేనే బాగైనట్టు. క్లాసు అయ్యేదాకా కదలనని చెప్పి, గుమ్మం దగ్గర కూర్చున్నాను.

క్లాసు

సాయంత్రం సలోమి చీర మార్చుకొని, మంచం మీద కూర్చొని క్లాసు మొదలుపెట్టింది. కరెంటు ఉంది. తెర మీద పిల్లల మొహాలు గడులు గడులుగా. ఒక మూల మాత్రం మొహం లేని నల్ల గడి ఒకటి. అదే పెద్ద మేడమ్ అని సలోమి కంటితోనే చూపించింది.

భిన్నాలు చెబుతోంది. రొట్టెను ముక్కలు చేయడం, ముక్కను మళ్లీ ముక్కలు చేయడం. బాగా చెబుతోంది. చిన్నప్పుడు నాకు ఎవరూ అలా చెప్పలేదు. నేనూ రొట్టెతో పాటు లోపలికి వెళ్లిపోయాను.

ఫ్యాన్ ఆగింది.

ఈసారి మెయిన్ ఎవరూ బంద్ చేయలేదు. నెట్ డబ్బా ఆరిపోయింది. పిల్లల మొహాలు ఎక్కడివక్కడ బొమ్మల్లా ఆగిపోయాయి. సలోమి వెంటనే లేచింది. లాప్‌టాప్ ఎత్తుకొని కిటికీ దగ్గరికి నడిచింది, పీట మీద పెట్టింది, ఫోన్ నెట్ కలిపింది. తెర మసకబారింది. యోహాను ఆమె వెనకే వెళ్లి కిటికీ ఊచ పట్టుకొని నిలబడ్డాడు. నేను గుమ్మంలో లేచి నిలబడి పవర్ లైటునే చూస్తున్నాను.

అది మినుక్కుమనలేదు. నిలకడగా వెలిగింది.

తెర మీద ఒక గడి కదిలింది. తర్వాత ఇంకొకటి. నల్ల గడి కూడా వచ్చింది.

“వినపడుతున్నానా? కనపడుతున్నానా?” అంది సలోమి.

“కనపడుతున్నారు మేడమ్,” అంది ఒక పిల్ల గొంతు. “మీ వెనకాల ఎవరో తాత ఉన్నాడు.”

యోహాను గబుక్కున కిందికి వంగాడు. పిల్లలంతా నవ్వారు. సలోమి కూడా నవ్వి, “తాతను పక్కన పెట్టండి. రొట్టెలో మూడో వంతు తీసి, దాన్ని మళ్లీ సగం చేశాం. ఇప్పుడు మన చేతిలో ఎంతుంది?” అంది.

క్లాసు ఆఖరిదాకా కరెంటు రాలేదు. లాప్‌టాప్ ఒక్కసారీ కన్నుమూయలేదు. పిల్లలంతా వెళ్లిపోయాక నల్ల గడి ఒక్కటే మిగిలింది. దాని కింద ఒక వాక్యం వచ్చింది. సలోమి రెండుసార్లు చదువుకొని మావైపు తిరిగింది.

“సోమవారం నుంచి ఇంకో క్లాసు గూడ నాకే ఇస్తరట. పొద్దటి పూట గూడ, రోజూ.”

లోపలినుంచి అత్తగారు అన్నానికి పిలిచింది. యోహాను పెట్టె మీద, లాప్‌టాప్ కింద ఉన్న తన పీట వైపు చూశాడు.

“పొద్దటి పూట గూడనా?”

“గూడనే, మామా.”

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, నేల మీద పరుచుకొని కూర్చున్నాడు.